కళ్ళు మూసుకొని విన్న బోరు

తనకల్లు చుట్టుపక్కల ఈ కథ చెప్పుకొని నవ్వనోళ్ళు లేరు. "నీ మాటేందప్పా?" అని నన్ను మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. సరే, నా తోటను నేనే ఎట్లా ముంచుకున్నానో నేనే చెప్తాను. ముంచడానికి అక్కడ చుక్క నీళ్ళు లేవు, అది వేరే సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో బోరు ఎండింది. మోటారు పైకి తీసేసినాము. చీనీ చెట్లకు, అంటే బత్తాయిలకు, ట్యాంకరు నీళ్ళే దిక్కు, అదీ నాలుగు రోజులకొక వంతు. ఆకులు అప్పడాల్లా చుట్టుకున్నాయి.

మా వంతు రోజు డ్రైవరు బాషా ట్యాంకరు తెచ్చి నిలబెట్టినాడు. అప్పుడే నాకు అనుమానం: మొన్న కదిరి దిక్కు వాన పడిందే, బోరులో ఊట వచ్చిందేమో!

"అద్దంతో ఎండ లోపలికి కొట్టి చూడురా," అన్నాడు నాయన.

"కన్ను ఎదురుగా ఉండేదే చూస్తాది నాయనా. బోరు వంకర. చెవికైతే వంకర అడ్డం రాదు. రాయి వేసి వింటా."

"చెవికి ముందూ యెనకా తెలీదు రా!"

"ఎవురూ ఊపిరి గూడా పీల్చొద్దండి!"

చెవి పదునెక్కాలని కళ్ళు గట్టిగా మూసుకొని, రాయి వదిలినాను. ఇంతలో... బుడుంగ్!

"నీళ్ళు! నీళ్ళుండాయి!"

"మరి ఈ ట్యాంకరు, భయ్యా?" అన్నాడు బాషా.

"మాకెందుకప్పా? ఎగువ తోటోళ్ళకు తోలుకపో!"

ఏరు కనబడకముందే చెప్పులు విడిచినోడు నాకన్నా మేలు. నేను ఏరు వినబడగానే ట్యాంకరు విడిచినాను.

ట్యాంకరు దుమ్ము అణగకముందే నాయన వినాలని ఇంకో రాయి వేసినాను. ఠక్! ఇంకోటి. ఠక్! నాయన అద్దం పట్టినాడు. నేను వంకరన్న బోరు తిన్నగానే ఉంది; అడుగున నా రాళ్ళు తెల్లగా, పొడిగా నవ్వుతున్నాయి.

నా పెండ్లాం సుశీల తడి బకెట్ ఎత్తి చూపింది. "నువ్వు కళ్ళు మూసుకున్నెప్పుడు బాషా రేడియేటరుకు నీళ్ళకని నీ యెనకుండే మన నీళ్ళ డ్రమ్ములో దీన్ని ముంచినాడు. నువ్వు విన్నది ఇదే."

"అప్పుడే చెప్పొద్దా?"

"నువ్వు ఎందుకు ఎగురుతాండావో తెలిసేలోగా ట్యాంకరు పాయ!"

నాలుగు రోజులు ఆ డ్రమ్ము నీళ్ళే చెంబుతో చెట్టుచెట్టుకూ పోసినాము. పదకొండు చెట్లు కట్టెలైనాయి.

కళ్ళు తెరవకుండా ఇంక దేన్నీ విననని మిగిలిన చెట్ల మీద ఒట్టు. కానీ బాషా, బకెట్ ముంచింది నువ్వు, కళ్ళు తెరుచుకొని నేను ఎగరడం చూసింది నువ్వు. నోరెందుకు తెరవలేదు? ఇప్పుడన్నా జవాబు చెప్పు!