సొంతంగా కొట్టుకోవాలి

గుండె ఆపరేషన్ అయిన పిల్లల వార్డులో ఆయన్ని పెట్టెమామయ్య అంటారు. పిల్లల ఛాతీలోంచి వచ్చే సన్నటి తీగలు చేరే, గుండెని కొట్టించే పేస్‌మేకర్ పెట్టె ఒక్కటే ఆయన ఏలుబడిలోని రాజ్యం. రోజూ ఎనిమిదింటికి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకుని, సింహాసనం ఎక్కబోయే రాజంత గంభీరంగా వచ్చి, దాని నాబ్ కొద్దికొద్దిగా తగ్గిస్తాడు. పెట్టె నెమ్మదించగానే గుండె తనంతట తాను కొట్టుకోవాలి. పదో రోజుకీ కొట్టుకోకపోతే మళ్ళీ ఆపరేషన్ చేసి, ఒంట్లోనే శాశ్వతంగా ఒక యంత్రం పెడతారు.

కిటికీ పక్క మంచం మీది నాలుగేళ్ల పిల్లకి ఆవేళ పదో రోజు. నాబ్ తగ్గింది. తెర మీద గుండె గీత సాగిలపడింది.

“ఇంకొక్క క్షణం చూడండి అన్నయ్యా,” అంది తల్లి. “ఇంట్లోనూ ఇంతే, మూడుసార్లు పిలిస్తే గానీ లేవదు.”

నియమం తప్పని ఆ మనిషి ఆ క్షణం ఇచ్చాడు. పిల్ల పెదాలు పాలిపోయాయి. గబుక్కున నాబ్ పెంచాడు.

“నువ్వది తిప్పితే కళ్ళు తిరుగుతున్నాయి మామయ్యా. రేపు కూడా తిప్పుతావా?” అంది పిల్ల, తేరుకుని.

మామయ్య నాబ్ మీంచి చెయ్యి తీశాడు. “లేదు తల్లీ. ఇంక తిప్పను.”

పిల్ల చప్పట్లు కొట్టింది. తల్లి, మడతపెట్టే ఉన్న దుప్పటిని విప్పి, మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది.