నర్సింహన్న బిగించనన్న ఖాళీ డబ్బా

నిన్న ఎల్బీనగర్ చౌరస్తాలో నేనెక్కిన షేర్ ఆటో ఆగి ఉండగా, ముందున్న వ్యాను డ్రైవరు ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాడు. పచ్చి పెట్రోలు ఘాటు గొంతులోకి దిగింది, కళ్ళు మండాయి. నల్లపొగ రాలేదు కనుక ఎవరూ ఏమీ అనలేదు. వ్యాను నిండా పిల్లలు. దాని పొగగొట్టానికుండే డబ్బాలో ఏమీ లేదని నాకు తెలిసిపోయింది. ఆ వాసనను గుర్తుపట్టడం నాకు నేర్పినవాడు నర్సింహన్న.

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో అతని కార్ల షెడ్డు, దాని పక్కన నా బ్యాటరీల కొట్టు. బడిలో నా చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాదంతా పాత పుస్తకాల నుంచీ, అతని పక్కన కూర్చుని వేసిన ప్రశ్నల నుంచీ వచ్చిందే. సైలెన్సరుకు ముందు కన్వర్టర్ అనే డబ్బా ఉంటుందనీ, అందులో తేనెపట్టులాంటి గూళ్ళు ఇంజను విషాన్ని చాలావరకు విరగ్గొడతాయనీ అతను చెబితేనే తెలిసింది. కంపెనీ డబ్బా పూడుకుపోతే హై ఫ్లో డబ్బా వేసేవాడు. దాని గూళ్ళు పెద్దవి. పొగ సులువుగా పోతుంది, బండి బాగా లాగుతుంది. కానీ గూళ్ళంటూ ఉండాలి. పని అయ్యాక యజమానిని బండి వెనక నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా చాయ్ తాగించేవాడు. "మీ బండి ఇడిసిన గాలి మొదలు మీరే పీల్చాలె సార్" అనేవాడు. చాయ్ అయ్యేలోపు కళ్ళు మండితే బండి మళ్ళీ లోపలికే.

ప్రసాదరావు గారు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కోచింగ్ సెంటర్ పెట్టుకున్న మనిషి. ఆయన వ్యాన్లే షెడ్డుకు అన్నం పెట్టేవి. తన కారుకు హై ఫ్లో వేయించుకుని, వెనక నిలబడి చాయ్ తాగి, ముచ్చటపడి వెళ్ళాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు.

"నర్సింహా, వ్యాన్లన్నిటికీ వేసెయ్. లోపల ఆ గూళ్ళు మాత్రం వద్దులే. ఖాళీ డబ్బా అయితే ఇంకా బాగా లాగుతుందటగా, చవక కూడాను."

"లాగుతది సార్. ఎనక కూసున్న పిల్లలు పీలుస్తరు."

"పైకి డబ్బా కనబడుతుంది కదయ్యా, లోపల ఎవరు చూస్తారు? పొగ పరీక్ష కాగితం నేను తెచ్చుకుంటాను."

"ఎవరు సూడరు. గందుకే నేను చెయ్య."

"అయితే షెడ్డుకు తాళమేసుకుని కూర్చో. ఎదురు షాపువాడు చేస్తానన్నాడు." నవ్వుతూనే అన్నాడాయన.

అన్నంత పనీ అయింది. వ్యాన్లు పోయాయి, వాటి వెనకే మిగతా బళ్ళూ పోయాయి. పొగ పరీక్ష బండివాడు సైలెన్సరు గొట్టం ముట్టుకోకుండానే, నంబరు ఫోటో తీసుకుని కాగితమిచ్చేవాడు. నేను ఆఫీసుల చుట్టూ తిరిగి అర్జీలు పెట్టాను. "మీకెందుకు పెద్దాయనా" అన్నారు. నాకెందుకా? నేను పీల్చే గాలి వేరే ఊరి నుంచి వస్తుందా? కిరాయి కట్టలేక నర్సింహన్న షెడ్డు ఖాళీ చేసి అల్మాస్‌గూడలో ఇంటిపట్టునే ఉండిపోయాడు.

కొన్నాళ్ళకు హయత్‌నగర్‌లో ఒక షాపు ముందు, వ్యాను కింద నుంచి జరుగుతూ బయటికొచ్చిన మనిషి అతనే. నన్ను చూసి చేతిలోని డబ్బాను దాచుకోలేదు. దానిలోంచి అవతలి వెలుతురు కనబడుతోంది.

"ఏందన్నా ఇది?"

"కూలికి జేస్తున్న, మల్లేశం. మీ వదిన దవాఖానల ఉన్నది." డబ్బాను నా ముందుకు చాపి, "జర తిట్టరాదు నన్ను. ఈడ అందరు శాబాష్ అంటున్నరు" అన్నాడు.

లోకాన్నంతా తిట్టే నోరు నాది. ఆ మనిషి ముందు పెగల్లేదు. తిట్టవలసింది అతన్ని కాదు గదా. వదిన చనిపోయిన ఏడాదే అతనూ పోయాడు.

ఇప్పటికీ డ్రైవర్లనీ, పరీక్ష చేసేవాళ్ళనీ, ఆఫీసర్లనీ నిలబెట్టి తిడతాను. ముసలాయనకు మతి చలించిందని నవ్వుకుంటూ పోతారు. తాను చేసే పని తప్పు అని ఒక్కరైనా అనాలని ఆశపడినవాణ్ని నా బతుకులో ఒక్కణ్నే చూశాను. అతనికి ఆ ఒక్క మాట దక్కలేదు. ఈ ఊళ్ళో మరెవరికీ అది అక్కర్లేదు.