తునికాకు కట్ట ముందు వైవా

జూలూరుపాడు షేర్ ఆటో నిండాక కూడా ఇంకొకరికి చోటుందనేది డ్రైవరు నమ్మకం. అలా సగం బయటే కూర్చుని పెద్దమ్మ ఇంటికి చేరాను.

వారంలో నా పీహెచ్‌డీ వైవా. అది గట్టెక్కకపోతే అయిదేళ్ల చదువు నీళ్లపాలు. బీడీలు చుట్టే తునికాకును కట్టలు కడుతున్న పెద్దమ్మ, “నాకు జెప్పుకో, భయం పోతది” అంది.

చెప్పాను. ఈస్టు కణంలో డీఎన్‌ఏ దారం హిస్టోన్లనే ఉండలకు చుట్టుకుని ఉంటుంది. ఒక ఎంజైము ఆ ఉండలకు గుర్తులు పెడితేనే క్రోమోజోము కుదురుగా నిలుస్తుంది. ఆ ఎంజైమును నేను తీసేశాను. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములు తప్పిపోయాయి.

పెద్దమ్మ యాభై ఆకులు పేర్చి, నారతో ముడి బిగించింది.

“నారేమో నువ్వే తెంపితివి. ఆకులు చెదిరినయని తెల్సుకోనీకి అయిదేండ్లు పట్టిందా, కొడకా?”