ఆరు తలకిందులైతే

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఒకటుందని నాకు తెలియదు. డిగ్రీ పాసైన వేసవిలోనే, దమ్మపేట దాటాక అడవి అంచున సిస్టర్లు నడిపే ఒక చిన్న స్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. మాది ముదిగొండ వైపు పల్లెటూరు. చదివిందంతా తెలుగు మీడియం. వ్యుత్క్రమం, వర్గమూలం నాకు సొంత మేనత్తలంత దగ్గర. ఈ స్కూల్లో మాత్రం వాటిని రెసిప్రోకల్ అనీ, స్క్వేర్ రూట్ అనీ పిలవాలి. మొదటి మాటకు నోరు తిరగడం కోసం అద్దం ముందు నిలబడి చాలా తంటాలు పడ్డాను (పిల్లలు దాన్ని అప్పుడే ‘రెసిపీ’ చేసేసుకున్నారు). ఆ తంటాల్లో పడి దాని అర్థం ఎలా చెప్పాలో ఆలోచించడం మర్చిపోయాను. రెసిప్రోకల్ అంటే ఏం లేదు, తలకిందులు చెయ్యడమే అని చెప్పేశాను. మూడు బై నాలుగును తలకిందులు చేస్తే నాలుగు బై మూడు. క్లాసంతా హాయిగా తలూపింది. ఇంత సులువుగా చెప్పగలిగే టీచరు ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారని ఆ సాయంత్రమంతా మురిసిపోయాను.

నా ఉద్యోగం అప్పటికింకా ఖాయం కాలేదు. తల్లిదండ్రుల మీటింగు రోజు నా క్లాసు చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నారు హెడ్ సిస్టర్. ఆ రోజు హాలు నిండింది. ఏన్కూరు వైపు నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. ఎవరి పిల్లలు లేచి నిలబడితే వాళ్ల ఇంటివాళ్ల ఫోన్లు పైకి లేస్తున్నాయి. సిస్టర్ నా క్లాసులో అందరికంటే చురుకైన పిల్లను లేపారు (మాట ఘాటు కాబట్టి నేను లోలోపల మిరపకాయ అని పిలుచుకునేదాన్ని). ఆరుకు రెసిప్రోకల్ ఎంత అని అడిగారు.

“తొమ్మిది, సిస్టర్.”

సిస్టర్ సరిగ్గా వినలేదనుకొని, మరి ఎనిమిదికి అన్నారు.

“ఎనిమిదే. దాన్ని ఎట్ల తిప్పినా ఎనిమిదే అయితది.”

హాలంతా చప్పట్లు. తడబడకుండా చెప్పింది కదా, తప్పని ఎవరనుకుంటారు? ఆ హాల్లో సంగతి తెలిసినవాళ్లం సిస్టర్, నేను. ఆవిడ నా వైపు చూశారు. నోరు మూసుకుంటే గండం గడిచిపోయేలాగే ఉంది. కానీ ఆ పిల్ల నా వైపు తిరిగి, మెచ్చుకుంటానని ఎదురు చూస్తోంది. ఆ జవాబు తప్పని చెప్పాను. చప్పట్లు ఆగిపోయాయి. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

“తలకిందులు చెయ్యమని మీరే చెప్పిండ్రు గద మేడం.”

“అవ్, నేనే చెప్పిన. నేను చెప్పుడే తప్పు.”

సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి నడిచాను. ఆరును దేంతో గుణిస్తే ఒకటి వస్తుందో అదే దాని రెసిప్రోకల్ అన్నాను. ఒక రొట్టె గీసి ఆరు సమానమైన ముక్కలు చేశాను. ఒక్కో ముక్క ఆరో వంతు, అలాంటివి ఆరు కలిస్తే మళ్లీ నిండు రొట్టె. కాబట్టి ఆరుకు రెసిప్రోకల్ ఒకటి బై ఆరు. తల్లులు తలలూపారు, ఫోన్లు మళ్లీ పైకి లేచాయి, సిస్టర్ ముఖం తేటపడింది.

అక్కడితో ఆగవలసింది. పోయిన పరువు తిరిగొచ్చిన ఊపులో, ఎవరూ అడగకుండానే స్క్వేర్ రూట్‌లోకి దిగాను. తొమ్మిదికి మూడు, పదహారుకు నాలుగు, ఏ సంఖ్య తీసుకున్నా దాని స్క్వేర్ రూట్ దానికంటే చిన్నదే అని బల్లగుద్ది చెప్పాను. మిరపకాయ ఇంకా కూర్చోలేదు. ఇక నా మాట ఊరికే నమ్మకూడదని అప్పుడే తీర్మానించుకున్నట్టుంది.

“మేడం, అరను అరతోని గుణిస్తే పావు గద?”

అవునన్నాను.

“మరి పావుకు స్క్వేర్ రూట్ అర. అర పెద్దగున్నది గద?”

ఈసారి చప్పట్లు న్యాయంగానే పడ్డాయి. ఒకటికంటే చిన్న సంఖ్యల సంగతి నాకెందుకు తట్టలేదో, అది ఇంకెవరికీ కాక ఆ పిల్లకే ఎందుకు తట్టిందో ఆలోచిస్తూ, నేల చీలితే బాగుండునని చూశాను. అది గచ్చు నేల. సిస్టరే దయతలచి, అందరూ జల్దీ రండి, టీ చల్లారిపోతుందన్నారు.

వరండాలో ఆ పిల్ల తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నిలదీస్తుందనుకుని బిగుసుకుపోయాను. ఆమె నా చేతిలో టీ గ్లాసు పెట్టి, “మీరేం మనసుల పెట్టుకోకుండ్రి మేడం. ఇంట్ల మమ్మల్ని గూడ గిట్లనే నిలవేస్తది,” అంది. తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

సిస్టర్ సోమవారం నుంచి మామూలుగా రమ్మన్నారు, స్క్వేర్ రూట్ మాత్రం మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు.

ఆ మీటింగు వీడియో ఒకటి ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చూస్తాను. బోర్డు పక్కన సుద్దముక్క పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి నిలబడిపోయిన ఒక సన్నటి అమ్మాయి కనిపిస్తుంది. మొదట్లో ఆ చోటికి రాగానే ఆపేసేదాన్ని. ఈ మధ్య చివరిదాకా చూస్తున్నాను. పాపం, ఆమెను కాసేపు కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వాలనిపిస్తుంది.