మొగ్గల దారం

పదేళ్ల పిల్ల సరదాగా వడికిన దారం ఒక మనిషి ప్రాణం తీయగలదా? చెప్పండి. ఈ ఉదయం పాత దిండు పిగిలి దూది వాసన ఇల్లంతా పరుచుకున్నప్పటి నుంచి నేను కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఎనభైల్లో నరసరావుపేటలో మా పక్కింట్లో పరుపులు కుట్టే మస్తానమ్మ పిన్ని ఉండేది. చలి తగ్గి శివరాత్రి దగ్గరపడుతుంటే, కోటప్పకొండ తిరునాళ్లకు ఎత్తైన వెదురు ప్రభలు లాగే ఎద్దుల మెడలకు కుచ్చులు చేసేది. దూది నలకలు ముక్కుల్లో దూరే ఆ వసారాలో, నువ్వుండ తిన్న జిగట వేళ్లు లంగాకు తుడుచుకుని, నేను కదురు పట్టాను. సన్నదారాన్ని బిగించి పట్టి, దాని చుట్టూ వదులుగా దూది పేనుతూ, గోటితో పైకి నెడితే బుడిపె లేచేది. అందులో ఎర్రగుడ్డ పీలిక ఇరికిస్తే మొగ్గ. నాకు మొగ్గ లేవకముందే దారం తెగేది.

“ఏందే, దూదితో తగాదా? చెయ్యి వదులు చెయ్యి,” అనేది పిన్ని.

చెయ్యి వదులైంది. మూరలకొద్దీ మొగ్గలు. పురిటికి మా ఇంటికొచ్చిన మేనత్త, ఏమీ తోచక, ఆ దారం మెడలో వేసుకుని, “నాకూ ప్రభ కట్టండే, కొండకు లాక్కుపోతా,” అని నవ్వింది. నానమ్మ దాన్ని లాగి పారేసింది.

“కడుపుతో ఉన్నదాని మెళ్లో ముడులదారం ఏంది? బిడ్డ పేగు మెళ్లో ఏసుకుని పుడితే మేనమామకు గండం.”

ఆ మేనమామ మా నాన్న.

బిడ్డ అలాగే, మెడకు పేగు చుట్టుకునే పుట్టాడు. నర్సు తీసేసింది, తల్లీబిడ్డా క్షేమం. నానమ్మ మాత్రం నా వైపే చూసింది. ఆ రోజు నుంచి నాన్న దగ్గితే పరిగెత్తేదాన్ని. మాచర్ల బస్సెక్కితే, తిరిగొచ్చేదాకా గుమ్మానికీ రోడ్డుకీ మధ్య తిరిగేదాన్ని. గండం పోవాలంటే నాన్న ఆ బిడ్డను నేరుగా చూడకముందే, ముఖం నీడను నూనెలో చూడాలట. పళ్లెం సిద్ధమైంది.

“నూనెలో ఏం కనపడుద్ది అన్నయ్యా, ఇటు చూడు,” అంటూ అత్త బిడ్డను తిన్నగా ఆయన ముందుకు చాపింది.

నేను ఎగిరి నాన్న కళ్లు మూశాను. ఆయన నా చేతులు విడదీసి, బిడ్డను చూసి, “మా అమ్మ ముక్కే,” అన్నాడు.

నాన్న పండుముసలి అయ్యేదాకా బతికాడు. నేను మాత్రం మళ్లీ కదురు ముట్టలేదు. ఇప్పుడు ఎద్దులకు నైలాను కుచ్చులు. మస్తానమ్మ పిన్ని లేదు, ఆ వసారా లేదు, మొగ్గ లేపే వేళ్లు మా వీధిలో ఒక్కరికీ లేవు. నూనె పళ్లెం మాత్రం పురిటిళ్లలో ఇంకా ఉంది. అది మీ ఇంట్లో కనబడితే, పిల్లల్ని పిలిచి, వాళ్లు చూస్తుండగా ఆ నూనెను బాండీలో పోసి గారెలు వండండి.