స్విచ్చాఫ్ బాబాయ్ ఆఖరి పందెం

వెలుగుతున్న బల్బునో, తిరుగుతున్న ఫ్యానునో చూస్తే మా బాబాయ్ చెయ్యి ఊరుకోదు. ముందు దాన్ని ఠక్కున ఆపేసి, ఆ తర్వాతే మనిషిని పలకరిస్తాడు. అందుకే ఊరంతా ఆయన్ని స్విచ్చాఫ్ అంటుంది. చేసేది మోటార్ల రిపేరు. మోటారు ఇలా తిరగ్గానే "చాల్లే, బాగుంది" అని ఆపేస్తాడు. నిజంగా బాగయిందో లేదో ఇంటికి పట్టుకెళ్ళాక గానీ తెలియదు.

ఒకసారి మా ఇంటికొస్తూనే బాత్‌రూమ్ లైటు తీసేశాడు. లోపల్నుంచి మా నాన్న కేక.

"ఎవడ్రా అది!"

"అన్నయ్యా, లోపలున్నావా?"

"ఉన్నాన్రా!"

"ఉంటే ఓ మాట చెప్పొచ్చుగా! చీకట్లో ఏం చేస్తున్నావ్?"

పళ్ళ డాక్టరమ్మ పట్టకారు కోసం అటు తిరిగితే, కుర్చీలో పడుకునే చెయ్యి చాపి లైటు ఆర్పిన ఘనుడు. ఆవిడ ఇప్పటికీ మా ఇంటిపేరు వింటే ఖాళీ లేదంటుంది.

ఇలాంటి మనిషికి నీళ్ళ అడుగున స్కూటర్ పందేల పిచ్చి. ఆ స్కూటర్‌కి చక్రాలుండవు, సీటుండదు. లావుపాటి గొట్టం, లోపల బ్యాటరీ, వెనక ఫ్యాను. వీపున గాలి సిలిండరు కట్టుకుని, దాన్ని రెండు చేతులా పట్టుకుని మీట నొక్కితే సముద్రంలో ముందుకి లాక్కుపోతుంది. జెండాల చుట్టూ నాలుగు చుట్లు తిరగాలి. ఇద్దరిద్దరు ఒక జట్టు. రెండోవాళ్ళు గీత దాటితేనే జట్టు దాటినట్టు. జట్టువాళ్ళని తాడేసి లాక్కురావచ్చు కూడా. బాబాయ్ జట్టుకి నేను దొరికాను, నా ఖర్మ.

మలుపు రాగానే బాబాయ్ మీట వదిలేస్తాడు. "ఊపు మీద అదే పోతుంది కదమ్మా, బ్యాటరీ దండగ!" వరసగా మూడేళ్ళు ఆఖరి స్థానం మాదే. నేను ఎప్పుడో వచ్చి ఒడ్డున గోళ్ళు కొరుక్కుంటుంటే, అందరూ వచ్చాక తీరిగ్గా తేలేవాడు. ఏమయ్యావంటే, బ్యాటరీ ఇంకా మిగిలిందని సంబరంగా చూపించేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. పిన్నికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఆవిడ ప్రతిసారీ సంచీ నిండా తువ్వాళ్ళు తెచ్చి, గెలుపు గీతకి దూరంగా, రాళ్ళ అవతల కూర్చునేది. మా ఇద్దరికీ అన్ని తువ్వాళ్ళు ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.

ఈ ఏడాదితో బాబాయ్‌కి అరవై నిండుతాయి. అరవై దాటితే పందెంలోకి రానివ్వరు. అంటే ఇదే ఆఖరు.

"ఒక్కసారి గెలుద్దాం బాబాయ్. నిన్ను చూసి నవ్వేవాళ్ళ నోళ్ళు మూయించాలి. ఈసారైనా మీట వదలకు!"

"సరేనమ్మా, నీ మీదొట్టు."

మొదటి మలుపులోనే వదిలేశాడు.

నేను పళ్ళు బిగించి మూడు చుట్లూ మీట నొక్కే ఉంచాను. నాలుగో చుట్టులో నీటి ప్రవాహం ఎదురు తిరిగింది. ఆఖరి మలుపులో స్కూటర్లు ఒక్కొక్కటే మూలిగి ఆగిపోయాయి. నాదీ చచ్చింది. ఎంత కాళ్ళాడించినా ఉన్నచోటే ఉన్నాను. నోట్లో గాలి గొట్టం లేకపోతే భోరుమని ఏడ్చేదాన్ని.

అప్పుడు వెనక నుంచి సన్నగా గుయ్యిమన్న చప్పుడు. బాబాయ్! నడుముకున్న తాడు విప్పి, కొక్కెం నా బెల్టుకి తగిలించి మీట నొక్కాడు. ఆయన మీట వదలకుండా నొక్కడం పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. కాళ్ళాడిస్తున్న జట్లన్నిటినీ దాటుకుంటూ రివ్వున దూసుకెళ్ళి గీత దాటాం.

నేను పైకి తేలి గొంతు చించుకున్నాను. "గెలిచాం బాబాయ్!"

బాబాయ్ లేడు. గబగబా రాళ్ళ వైపు ఈదాను. పిన్ని మాత్రం రాళ్ళ దగ్గర నింపాదిగా తువ్వాళ్ళు దులుపుతోంది.

"పిన్నీ, బాబాయేడీ?"

"ఎక్కడికి పోతాడు, వెనక్కెళ్ళుంటాడు. ఆగిపోయినవాళ్ళు ఈదలేక నానా అవస్థా పడతారు. ఏటా వాళ్ళందర్నీ ఇటు ఒడ్డుకి చేర్చి, అప్పుడు తను గీత దాటేవాడు. ఆఖర్న వచ్చాడని నువ్వేమో దులిపేసేదానివి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వూ వాళ్ళ కోసం బ్యాటరీ పొదుపు చేస్తూ వెనకబడిపోతావని ఆయన భయమట."

ఇంతలో నీళ్ళలోంచి బాబాయ్ తల లేచింది. ఆయన తాడు పట్టుకుని ఒకరు, ఆ ఒకరి కాలు పట్టుకుని ఇంకొకరు, అలా ఏడుగురు రైలుపెట్టెల్లా వచ్చారు. రోజూ ఆయన్ని చూసి నవ్వేవాళ్ళే వాళ్ళంతా. ఒడ్డున ఒకటే ఈలలు, చప్పట్లు.

నేను పరిగెత్తుకెళ్ళి వాటేసుకున్నాను. "గెలవాలని ముందు నన్నే లాక్కొచ్చావు కదూ?"

బాబాయ్ తెల్లబోయాడు. "అదేం లేదమ్మా. అందరికన్నా వెనక నువ్వే ఉన్నావు. ముందు దొరికావు."

బహుమతి ఇచ్చారు. అద్దాల కప్పు, అడుగున చిన్న బల్బుతో ధగధగా మెరిసిపోతోంది. మైకులో మా పేర్లు మారుమోగుతున్నాయి. బాబాయ్ కప్పుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, బోర్లించి చూశాడు. చివరికి నా చెవి దగ్గర గొణిగాడు.

"దీని స్విచ్చెక్కడే?"