తునికాకు మీద చెయ్యి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనుషుల కంటే ముందు నీళ్లు తాగినవి రెండు తునికి మొక్కలు. మారేడ్‌పల్లి వెనక సందులో, రేకుల కప్పు వేసిన రెండు గదుల్లో అద్దెకు ఉండేవాళ్లం. నల్లా ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అయినా మా తాతయ్య తెల్లవారగానే తన చెంబులో సగం నీళ్లు ఆ మొక్కలకు పోసి, మిగిలిన సగంతో ముఖం కడుక్కునేవాడు. "తాగనీకి నీళ్లు లేక మేం పరేషానైతుంటే, మీకు అడవి కావాల్నా మామా?" అని మా అమ్మ గొణిగేది. ఆయన నల్లమలలో ఫారెస్టు గార్డుగా చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. బట్టల మూటతో పాటు ఆ రెండింటినీ నూనె డబ్బాల్లో పెట్టుకుని బస్సెక్కాడు.

తునికాకు అంటే బీడీలు చుట్టేదని అందరికీ తెలుసు. చెట్టు మీద ఉన్నప్పుడు అది తోలులా మందంగా ఉంటుంది. బంతి ఆకులా, తోటకూరలా దాహం వేయగానే తల వేలాడేయదు. నడి ఎండలో కూడా బింకంగా నిలబడుతుంది. మా నాన్న కూడా అలాంటివాడే.

నాన్న స్టేషను దగ్గర ఒక బేకరీలో కట్టెల భట్టీ ముందు పని చేసేవాడు. "భట్టీ ముందట నిలబడేటోనికి ఎండ ఒక లెక్కనా?" అని నవ్వేవాడు. ఎట్లున్నవని ఎవరడిగినా ఆయన దగ్గర ఒకటే జవాబు, "మంచిగనే ఉన్న." జ్వరమొచ్చినా అదే మాట, చెయ్యి కాలినా అదే మాట. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి బనీను పిండితే నీళ్లు కారేవి. ఆ చెమటలో కలిసిన బన్ను వాసన నాకు ప్రాణం.

ఆ వేసవిలో తాతయ్య ఒక మొక్కకు నీళ్లు మానేశాడు. "పాపం, దాని నోరెందుకు కట్టినవ్ తాతా?" అని నేను పోట్లాడితే వినలేదు. కొన్నాళ్లకు ఒక మిట్టమధ్యాహ్నం నన్ను పిలిచాడు. డబ్బాలు అటూ ఇటూ మార్చి, మట్టి కనబడకుండా గోనెపట్టాలు కప్పి ఉంచాడు. దాహంతో ఉన్నదేదో చెప్పమన్నాడు. రెండూ ఒకే పచ్చ. ఎంత చూసినా తేడా తెలియలేదు. "కండ్లతోని కాదు బిడ్డా, చెయ్యి పెట్టి చూడు," అని నా చేతి వెనక భాగాన్ని ఆకు అడుగున ఆనించాడు. ఒక ఆకు చల్లగా ఉంది. రెండోది చురుక్కుమంది, నేను చెయ్యి లాక్కున్నాను.

"ఆకుకు సుత చెమట పడ్తది," అన్నాడు తాతయ్య. అడవిలో ఆకులు అంత ఎండకు ఎట్లా ఓర్చుకుంటాయో ఆ రోజు చెప్పాడు. వేర్లకు నీళ్లు అందినంతసేపు ఆకు తన తడిని సన్నగా బయటికి వదులుతూ చల్లబడుతుంది. నీళ్లు కరువైతే ఉన్న తడి దాచుకోవడానికి రంధ్రాలు మూసేస్తుంది. అప్పుడు ప్రాణం దక్కుతుంది గానీ ఒళ్లు వేడెక్కుతుంది. "పైకి పచ్చగనే కనబడ్తది, లోపట ఉడుకుతది. ఓర్చుకునేదానికి సుత ఒక హద్దుంటది. అది దాటినంక నీళ్లు పోసినా కాలింది కాలినట్టే." అని దాహంతో ఉన్న మొక్కకు చెంబెడు నీళ్లు పోశాడు. అది బతికింది. కానీ కొన్ని రోజులకు, నీళ్లు అందుతుండగానే, దాని ఆకుల అంచులు మాడుతూ వచ్చాయి. ఆ మధ్యాహ్నం కాలింది అప్పుడు బయటపడిందన్నమాట.

అంచులు అట్లా మాడుతున్న రోజుల్లోనే ఒకనాడు నాన్న ఎప్పటికంటే ముందే ఇంటికి వచ్చాడు. ఒంటి మీద బనీను పొడిగా ఉంది. "ఇయ్యాల చెమటలు లెవ్వు, జెర సల్లవడ్డట్టున్నది," అని అమ్మ సంబరపడింది. నాన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి మా మేనత్త పేరుతో పిలిచాడు. నేను నవ్వి ఆయన చెయ్యి పట్టుకున్నాను. పొడిగా ఉంది, కాలిపోతోంది. ఎట్లున్నవ్ నాయినా అంటే "మంచిగనే ఉన్న" అన్నాడు, నాలుక తిరగడం లేదు. నాకు ఆ రెండో ఆకు గుర్తొచ్చింది. "తాతా, నాయినకు చెమట వడ్తలేదు!" అని అరుస్తూ బయటికి పరుగెత్తాను.

తాతయ్య వచ్చి నాన్న మెడకు చేతి వెనక భాగం ఆనించాడు. ఆయన ముఖం అట్లా మాడిపోవడం నేను మళ్లీ చూడలేదు. ఇంట్లో ఉన్న నీళ్లన్నీ నాన్న మీద కుమ్మరించి, తడి దుప్పటి చుట్టి, రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయారు.

నాన్న బతికాడు. బతికాడు గానీ మునుపటి మనిషి కాలేదు. కాళ్లు తడబడేవి, మాట ముద్దగా వచ్చేది, భట్టీ దగ్గరికి మళ్లీ పోలేదు. అమ్మ ఒక హోటల్లో గిన్నెలు తోమడానికి కుదిరింది. నువ్వు చెప్పబట్టే మీ నాయిన దక్కాడని సందులో అందరూ నన్ను మెచ్చుకున్నారు. తాతయ్య మాత్రం మొక్కల దగ్గర కూర్చుని ఏడ్చాడు. "రోజూ ఆకుకు చెయ్యి వెట్టి చూసిన బిడ్డా. నా కొడుక్కు ఒక్కనాడు పెట్టకపోతి." మాడిన అంచులు మళ్లీ పచ్చబడలేదు. మధ్యలో మిగిలిన పచ్చతోనే ఆ ఆకులు రాలేదాకా ఉన్నాయి. నాన్న కూడా ఇంకో పదేళ్లు అట్లాగే ఉన్నాడు.

ఇప్పుడు మల్కాజ్‌గిరిలో మా కూతురి దగ్గర ఉంటున్నాను. ఎండాకాలం ఎవరు గడప దాటి లోపలికి వచ్చినా, ముందు మెడకు చేతి వెనక భాగం ఆనించి చూశాకే మంచినీళ్లిస్తాను. "ఏంది అమ్మమ్మా, దొంగను పట్టినట్టు పడ్తవ్!" అని బేగంపేటలో ఉద్యోగం చేసే మనవరాలు విసుక్కుంటుంది. విసుక్కోనీ, నాకేం!

మొన్న కరెంటు పోయింది. వంటింట్లో చాలాసేపు నిలబడ్డానేమో, తల దిమ్ముగా ఉండి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. "ఎట్లున్నవ్ అమ్మమ్మా?" అంది మనవరాలు ఫోను చూసుకుంటూనే. "మంచిగనే ఉన్న," అన్నాను. ఆ మాట నా నోట వినగానే నాన్న గుర్తొచ్చాడు. అచ్చం నాన్న గొంతు. ఈ వయసులో నాకు చెమట కూడా సరిగా పట్టదు. భయమేసింది. దాని చెయ్యి లాక్కుని, తిప్పి, నా మెడకు ఆనించుకున్నాను. "నా మాట నమ్మకు. గిట్ల చూడు," అన్నాను.

అది ఆ చెయ్యి తియ్యకుండానే, నీళ్లు తెమ్మని వాళ్లమ్మను కేకేసింది.